నీళ్ళు తగ్గాయని రాసిన ఉత్తరం

కువైట్ నుంచి ఎలా బయటపడ్డావని అడిగినవాళ్ళందరికీ ఇప్పటిదాకా బస్సుల సంగతీ, సైనికుల సంగతీ, ఎడారిలో గుడారాల సంగతీ చెబుతూ వచ్చాను. వినేవాళ్ళకు కావలసింది అదే. కానీ ఆ ప్రయాణంలో నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది తుపాకీ కాదు. ఆరో క్లాసు చదివే పిల్ల హిందీలో రాసిన ఒకటిన్నర పేజీ ఉత్తరం. దాన్ని చదివి పెట్టినవాణ్ణి నేనే కాబట్టి, ఆ సంగతి రాయవలసినవాణ్ణి కూడా నేనే.

ఖైతాన్‌లో నా పెద్దరికం

మాది కోనసీమలో ఒక లంక ఊరు. కువైట్‌లో హవల్లీ అనే పేటలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. ఖైతాన్‌లో మరో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. 1990 ఆగస్టు రెండో తేదీ తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. దుకాణం మూతపడింది, యజమాని ఏమయ్యాడో తెలియదు, టెలిఫోన్ బయటి దేశానికి పలకదు. రొట్టెల కోసం బేకరీ దగ్గర మూడేసి గంటలు నిలబడడం, మిగతా పొద్దంతా రేడియోకి చెవి ఆనించి కూర్చోవడం, అదీ మా పని.

అలాంటి ఒక మధ్యాహ్నం గంగులమ్మ వచ్చింది. రాయచోటి దగ్గరి మనిషి. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి రేడియో రెండుసార్లు బాగుచేసిన పుణ్యానికి నన్ను అన్నా అని పిలిచేది. ఆమె వెనకాల అదే ఇంటి వంటవాడు నోర్బు. హిమాచల్‌లో లాహౌల్ అనే లోయ అతనిది. పొట్టిగా, గట్టిగా ఉంటాడు, నవ్వితే కళ్ళు కనబడవు. ఇంటివాళ్ళు ఎండాకాలానికని లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. అంత పెద్ద ఇంట్లో వీళ్ళిద్దరే మిగిలారు.

"అన్నా, ఈ మడిసికి జాబు వచ్చి పదైదు దినాలయ్యింది. సదివిపెట్టే టైలరు లీవులో ఊరికి పాయ. నీకు హిందీ వస్తాదంట గదా, రవంత సూడు" అంది గంగులమ్మ.

వస్తుందా అని అడగాలా? చిన్నప్పుడు హిందీ పరీక్షలన్నీ వరసగా రాసి సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్న ఘనుణ్ణి. ఉత్తరం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పెద్దమనిషిలా లోలోపల చదువుకున్నాను. మా ఊళ్ళో ఉత్తరం చదివి పెట్టడమంటే అంతే. చదివేవాడు ముందు తను చదువుకుంటాడు, తరవాత సారాంశం చెబుతాడు. అక్షరం అక్షరం చదివితే చదువురానివాడని అనుకుంటారు. నేనూ అలాగే చెప్పాను.

"అందరూ క్షేమం. బఠాణీ బాగా కాసింది. ఆవు ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. పాప ఆరో క్లాసుకు వచ్చింది."

నోర్బు మొహం విప్పారింది. "తొందరపడాల్సిందేమీ లేదు కదా భాయ్?" అన్నాడు. అతను మాట్లాడేదంతా హిందీయే. చదివేవాళ్ళ సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను.

"ఏమీ లేదు. నిశ్చింతగా ఉండు" అన్నాను.

ఆ మాట అతను ఎందుకు అడిగాడో రెండు రోజుల తరవాత తెలిసింది. మనవాళ్ళు కొందరు కూడి, ఇరాక్ మీదుగా జోర్డాన్ పోయే బస్సులకు జాబితాలు రాస్తున్నారు. మొదటి బస్సులో నోర్బు పేరు ఉంది. అక్కడ ఉండడానికి ఇచ్చే ఇఖామా కాగితం పనిమీద, తన కఫీల్ అయిన ఇంటి యజమాని దగ్గర నుంచి తెచ్చుకున్న పాస్‌పోర్టు అతని చేతిలోనే ఉండిపోయింది. గంగులమ్మ పాస్‌పోర్టు మాత్రం ఇంటివాళ్ళ బీరువాలో ఉంది. బీరువా పగలగొట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. "మామా నన్ను నమ్మి ఇల్లప్పజెప్పి పాయ, నేను దొంగతనం జేసి పోతానా" అని ఒకటే పట్టు. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఆమెకు వేరే కాగితాలు రావాలంటే రోజులు పడుతుంది. ఆడమనిషిని ఆ ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టంలేక నోర్బు తన సీటు చంటిబిడ్డ ఉన్న ఒక జంటకు ఇచ్చేశాడు. ఇంటి దగ్గర అంతా క్షేమమే కదా, ఒక వారం ఆలస్యమైతే ఏమైంది అనుకున్నాడు. క్షేమమని చెప్పింది నేను.

బస్రా దారి, కారప్పొడి, ఆ ఒక్క వాక్యం

మొదటి బస్సు వెళ్ళిన ఎనిమిదో రోజున, గంగులమ్మ కాగితాలు వచ్చాక, మా ముగ్గురికీ చోటు దొరికింది. గంగులమ్మ రెండు మూటలు తెచ్చింది. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో బియ్యం, ఊరగాయ, రెండు కిలోల కారప్పొడి. ఎడారిలో కారం ఎందుకమ్మా అంటే, "ఉత్త రొట్టె తిని బతికేదానికి నేనేమన్నా అరబ్బీదాన్నా" అంది.

సరిహద్దు దాటాక మొదటి తనిఖీలోనే ఆ మూట మా కొంప ముంచబోయింది. ఒక కుర్ర సైనికుడు పొట్లాన్ని కత్తితో పొడిచి, వాసన చూద్దామని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత ఐదు నిమిషాలు తుమ్మాడు, కళ్ళనీళ్ళు కారుస్తూ తుపాకీ మా వైపు తిప్పాడు. బస్సంతా బిక్కచచ్చిపోయింది. గంగులమ్మ చిటికెడు కారం తన నాలుక మీద వేసుకుని, చప్పరించి చూపించింది. వాడి పై అధికారి పకపకా నవ్వి "యల్లా, యల్లా" అని చెయ్యి ఊపాడు. బస్సు కదిలాక మాకు చెమటలు పట్టాయి.

బస్రాలో రొట్టె, టమాటాలు కొన్నాం. మొన్నటిదాకా దర్జాగా ఉన్న మన కువైట్ దినారుని చూసి కొట్టువాడు మొహం చిట్లించాడు. గ్లాసెడు చల్లటి నీళ్ళకు కూడా వెల చెప్పాడు. దాహం అడిగితే మజ్జిగ ఇచ్చే ఊరినుంచి వచ్చినవాణ్ణి, నాకు మనసు చివుక్కుమంది. కానీ పక్కింటి ముసలావిడ మా మాట విని, కూజాతో నీళ్ళు తెచ్చి అందరికీ పోసింది.

బస్రా దాటాక రోడ్డు ఒకటే తీరు. నోర్బు పొద్దుపోక జేబులోంచి ఉత్తరం తీశాడు. "భాయ్, మా పాప ఎలా రాసిందో అలాగే చదువు. దాని మాటలు వినాలనుంది" అన్నాడు. చేసే పని లేదు కదా అని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను. బఠాణీ అయింది, దూడ అయింది, మోకాళ్ళు అయ్యాయి. రెండో పేజీలో ఈ వాక్యం వచ్చింది: "పది రోజులుగా ఎండ బాగా కాస్తోంది, మన ఏరు మాత్రం చాలా తగ్గిపోయింది, మేము రాళ్ళమీద నడిచి అవతలి ఒడ్డుకు పోయి ఆడుకుంటున్నాం."

"అదృష్టవంతుడివయ్యా. ఈ నెలల్లో మా గోదావరి ఇళ్ళల్లోకి వస్తుంది. మీ ఏరు తగ్గింది" అన్నాను, చదవడం ఆపి.

నోర్బు నా చేతిలోని ఉత్తరం మీదికి వంగాడు. "ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "ఎండ కాస్తోందనే రాసిందా? సరిగ్గా చూడు." సరిగ్గానే చూశాను. "నీళ్ళ రంగు ఎలా ఉందో రాసిందా?" రాయలేదు. అతను కదులుతున్న బస్సులో లేచి నిలబడ్డాడు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ రోజు ఈ మాట నువ్వు నాకు చెప్పలేదు."

"అది మంచి కబురే కదా! క్షేమంలోనే అదీ కలిసిపోయిందనుకున్నాను."

"మా ఏరు వానతో పారేది కాదు భాయ్, మంచుతో పారేది. ఎండ ఎక్కితే ఏరు ఎక్కాలి. ఎండ ఉండీ ఏరు తగ్గిందంటే నీళ్ళు పైన ఎక్కడో ఆగిపోయాయి. పైన ఒక చెరువుంది. దాని కిందే నా ఇల్లు."

లంకల్లో పుట్టి పెరిగినవాణ్ణి, వరదల గురించి నాకొకరు చెప్పాలా అని గర్వం. పైన వానలు పడితే గోదావరి పెరుగుతుందని ముందే కబురొస్తుంది, ధాన్యం అటక మీదికి ఎక్కిస్తాం, పశువుల్ని గట్టుమీదికి తోలతాం. నీళ్ళు తగ్గాయంటే ఇక ప్రాణానికి భయం లేదని అర్థం, విత్తనాలు వెతుక్కోవడమే. ఆ లెక్కను అంత ఎత్తు కొండల మీదికి మోసుకెళ్ళి, ఒక మనిషి ఇల్లాలి మీదా పిల్లల మీదా పెట్టాను. నేను ఆ వాక్యం ఆ రోజే చదివి ఉంటే అతను మొదటి బస్సు ఎక్కేవాడు.

బాగ్దాద్‌లో మూగ టెలిఫోన్లు

బాగ్దాద్ అందమైన ఊరని వినడమే కానీ నేను చూడలేదు. మేము చూసింది టెలిఫోన్లే. ఒక హోటల్లో, ఒక మందుల షాపులో, తపాలా ఆఫీసులో. ఎక్కడికి పోయినా "హింద్? లా, లా" అని తలలూపారు. ఇండియాకు లైను లేదు, తంతి కూడా తీసుకోవడం లేదు.

ఒక టీ దుకాణం యజమాని మమ్మల్ని కూర్చోబెట్టి, బొటనవేలంత గ్లాసుల్లో పాలులేని నల్లటీ ఇచ్చాడు. అడుగున పంచదార అలాగే ఉంది. మన టీలా కలిపి తాగకూడదట, పై నుంచి మెల్లగా తాగితే చివర తియ్యగా వస్తుంది. తన కొడుకు సైన్యంలో ఉన్నాడని, రెండు నెలలుగా కబురు లేదని చెప్పి, టీకి డబ్బు వద్దన్నాడు. మమ్మల్ని తరిమిన సైన్యంలో ఆ కొడుకు ఉన్నాడేమో, ఎలా అడుగుతాం? గ్లాసు చేతిలో పెట్టుకుని నోర్బు తాగనేలేదు. రోడ్డు మీద ఎక్కడ టెలిఫోన్ తీగ కనబడినా తలెత్తి చూసేవాడు.

"తినప్పా, నువ్వు పస్తుంటే ఆడ నీళ్ళు ఆగతాయా?" అని గంగులమ్మ రొట్టెలో ఊరగాయ చుట్టి అతని చేతిలో పెట్టింది. నన్ను పక్కకు పిలిచి, "ఎందుకన్నా అట్ల సగం సదివినావు?" అంది. కోపంగా కూడా అనలేదు.

గుడారాల్లో ఐసుముక్క

ఇరాక్ దాటి జోర్డాన్ సరిహద్దులో ఐదు రోజులు ఆగిపోయాం. కనుచూపు మేర గుడారాలు. మన తెలుగువాళ్ళు, మలయాళీలు, బంగ్లావాళ్ళు, ఈజిప్టువాళ్ళు అందరూ ఒకే ఇసకలో. నీళ్ళ ట్యాంకరు వస్తే తోపులాట, రొట్టెల లారీ వస్తే తోపులాట. పగలు నిప్పుల కొలిమి, చీకటి పడితే చలి. గంగులమ్మ కారప్పొడికి అక్కడ మహా గిరాకీ వచ్చింది. ఒక చెంచా కారానికి రెండు ఉల్లిపాయలు ఇచ్చేవాళ్ళు. తెచ్చినందుకు వెక్కిరించిన నేనే సిగ్గులేకుండా చెయ్యి చాచాను.

మూడో రోజు ఒక లారీ నీళ్ళ పీపాల్లో వెయ్యడానికి ఐసు దిమ్మలు తెచ్చింది. నోర్బు పోయి బతిమాలి ఒక ముక్క తెచ్చుకున్నాడు. తాగడానికేమో అనుకున్నాను. అతను గుడారం వెనక పల్లంగా ఉన్నచోట కూర్చుని, రెండు చేతులతో ఇసక, గులకరాళ్ళు పోగుచేసి ఒక గట్టు కట్టాడు. ఐసుముక్కను ఆ గట్టు మధ్యలో పెట్టి, పైన మళ్ళీ ఇసక కప్పాడు. గట్టు వెనక రేకు ముక్క పరిచి, దానిమీద తన వాటా నీళ్ళు సగం పోశాడు. చిన్న మడుగు తయారయింది.

"ఇది మా చెరువు" అన్నాడు. "వెయ్యేళ్ళ మంచు కొండమీంచి మెల్లగా జారుతూ రాళ్ళూ మట్టీ తోసుకొస్తుంది. ఎండలు పెరిగితే మంచు వెనక్కి తగ్గుతుంది, రాళ్ళగుట్ట అక్కడే ఉండిపోతుంది. మధ్య గోతిలో మంచు కరిగిన నీళ్ళు నిండుతాయి. మీ గోదావరి ఆనకట్ట మనుషులు కట్టింది కదా, దీన్ని ఎవరూ కట్టలేదు. గట్టు చూడడానికి రాయిలా ఉంటుంది, లోపల మాత్రం పాత మంచు ఉంటుంది."

"ఏరు ఎందుకు తగ్గింది మరి?"

"నీళ్ళు బయటికి పోయే సందులో మంచుపెళ్ళో, కొండచరియో పడి ఉంటుంది. నీళ్ళు పోలేక లోపల పెరుగుతాయి. గట్టు పై అంచు దాకా పెరిగాక పొర్లి, ఏరు మళ్ళీ మామూలుగా కనబడుతుంది. జనం మరిచిపోతారు. కానీ అప్పుడు గట్టుమీద బరువు రెట్టింపు ఉంటుంది. లోపలి మంచు కరుగుతూనే ఉంటుంది. రేపు తెగవచ్చు, రెండు నెలలకు తెగవచ్చు. పైనుంచి పెద్ద మంచుచరియ చెరువులో పడితే ఆ అలకే తెగిపోవచ్చు. మా నాన్న చెప్పేవాడు. నా చిన్నప్పుడు ఒకటి చూశాను, చిన్నదే. బండరాళ్ళు గోళీల్లా దొర్లాయి."

మేము చూస్తూ కూర్చున్నాం. ఆ ఎండకు ఎంతోసేపు పట్టలేదు. ముందు గట్టు కింద ఇసక తడిసి నల్లబడింది. తరవాత సన్నటి చారలా బురదనీళ్ళు వచ్చాయి. ఇంతలో గట్టు నడుం విరిగినట్టు కుంగింది. మడుగులో ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా ఇసకనూ రాళ్ళనూ ఈడ్చుకుంటూ వచ్చి గంగులమ్మ చాపను తడిపేశాయి. అంతసేపు ఆగిన నీళ్ళు పోవడానికి రెండు క్షణాలు పట్టింది.

గంగులమ్మ చాప ఎత్తుకోలేదు. "ఈ ఇరాకోళ్ళు గూడా జులై నెలంతా సరిహద్దులో చేరతానే ఉండారని రేడియో చెప్పె గదన్నా. ఏం గాదులే అనుకుంటిమి" అంది.

నోర్బు విరిగిన గట్టునే చూస్తున్నాడు. "ఇల్లు ఇక్కడ" అని తడిసిన ఇసకలో వేలు గుచ్చాడు. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాకు భయంగా ఉంది, సిగ్గుగా ఉంది, ఆ రెండింటినీ దాచుకునే ఓపిక కూడా లేదు.

అమ్మాన్‌లో తంతి

అమ్మాన్ చేరిన రోజు అందరూ విమానాల వరసలోకి పరుగెత్తితే మేము ముగ్గురం తంతి ఆఫీసు వెతుక్కుంటూ పోయాం. వరస పోతుందేమో అని నేను నసిగితే, "పోనీలే అన్నా, రేపు పోదాం" అని గంగులమ్మ ముందు నడిచింది. ఆ పూట నన్ను నడిపించింది ఆమే.

కౌంటరు దగ్గర నెరిసిన మీసాల పెద్దాయన ఉన్నాడు. ఇంగ్లీషులో నేను రాసిచ్చింది ఇంత: "ఏరు తగ్గడం ప్రమాదం. మళ్ళీ పెరిగినా నమ్మవద్దు. అందరూ పై పొలానికి పోండి. అమ్మను మోసుకుపోండి. నేను వస్తున్నాను. నోర్బు." ఆయన చదివి, ఏరు తగ్గితే ప్రమాదమేమిటని అడిగాడు. వచ్చిన అరబ్బీలో, చేతులతో చెప్పాను. ఆయన వెంటనే తల ఊపాడు. వాళ్ళ ఎడారి వాగుల్లో కూడా నెత్తిన ఆకాశం నీలంగా ఉండగానే, ఎక్కడో కురిసిన వాన వచ్చి గుడారాలు కొట్టుకుపోతాయట. మా కాగితాన్ని వేరే కాగితాల పైకి తీసి పెట్టాడు.

"ఇంక చేరినట్టే" అన్నాను నోర్బుతో. అలా అనకుండా ఉండవలసింది. నా మాట మీద అతను ఒకసారి నమ్మకం పెట్టి నష్టపోయాడని అప్పటికీ నా బుర్రకెక్కలేదు.

బొంబాయిలో విడిపోయాం. అతను పఠాన్‌కోట్‌కు పోయే రైలు పట్టుకున్నాడు. గంగులమ్మ మిగిలిన కారప్పొడి పొట్లం అతని సంచిలో కుక్కింది. కడపకు పోయే ఆమె దారి వేరు, రాజమండ్రికి పోయే నా దారి వేరు.

మా ఊరికి వచ్చిన జవాబు

కార్తీకంలో ఉత్తరం వచ్చింది. పాప చేతిరాతే. నోర్బు చెబుతుంటే రాసింది, మధ్యమధ్య తన మాటలు కూడా కలిపింది.

ఏరు తగ్గినప్పుడు వాళ్ళ నాన్నమ్మ పసిగట్టిందట. అందర్నీ పై పొలంలోని గొర్రెల కొట్టంలో పడుకోబెట్టింది. రెండు వారాలకు ఏరు మళ్ళీ మామూలుగా పారింది. ఇంకా కొండమీదేం పని అని ఊరివాళ్ళు నవ్వితే, వీళ్ళూ కిందికి దిగి వచ్చేశారు. తరవాత ఒక మిట్టమధ్యాహ్నం, మబ్బు తునకైనా లేని రోజు, ముందు నేల వణికింది. పచ్చి మట్టి వాసన వచ్చింది. లోయ మలుపులో దుమ్ము లేచింది. వంతెన, పిండి విసిరే రెండు నీటి మరలు, బడి, ఏటిగట్టు పొలాలన్నీ పోయాయి. మట్టి పోయింది కాబట్టి ఆ పొలాల్లో ఇక ఏదీ పండదట, మనిషెత్తు బండలు మేట వేశాయి. వంతెన లేక బస్తాల్లో ఉన్న బఠాణీ అమ్ముకోలేకపోయారు. ఇదంతా తంతి చేరడానికి నాలుగు రోజుల ముందు.

వాళ్ళమ్మ, పిల్లలు పైకి పరుగెత్తి బతికారు. నాన్నమ్మను కోడలు వీపున ఎత్తుకుందట. సగం దారిలో ఆవిడ, ఆవునూ దూడనూ కట్టు విప్పలేదని, బలవంతంగా జారి దిగి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ పైకి రాలేదు.

కువైట్ ఎప్పుడు తెరుస్తారు, మళ్ళీ పని దొరుకుతుందా అని నోర్బు అడిగాడు. ఇక తన లోయలో ఉండి చేసేదేమీ లేదన్నాడు. చివర ఇలా రాయించాడు: "తంతి ముందే వచ్చి ఉన్నా, మా అమ్మ ఆవు కోసం దిగేదే భాయ్. అది ఆవిడ స్వభావం. నువ్వు మనసులో పెట్టుకోకు."

తంతి ముందే వచ్చి ఉంటే ఆవిడ, ఆవు, దూడ అందరూ పై పొలంలోనే ఉండేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. పెట్టుకోకుండా ఎలా ఉంటాను?